లెక్కల్లో ఇరవై ఏడు

పుష్పలత గది తలుపుకు లోపల గడియ పడి ఆరు గంటలైంది. లోపలి నుంచి ఏడుపు వినబడి ఉంటే ఇంట్లోవాళ్లు ఇంతగా భయపడేవాళ్లు కాదు. వినబడుతున్నది సుద్దముక్క చప్పుడు. టక్, టక్, సర్రు. కాసేపు నిశ్శబ్దం. మళ్లీ టక్, టక్.

"పొద్దుగాల మెమో అచ్చింది. సూసింది. లోపలికి వోయింది. గంతే," అంది మేనత్త సులోచన, వాకిట్లో సైకిల్‌కు స్టాండు వేస్తున్న యువకుడితో. "ఇంతకు నువ్వెవరు పిలగా?"

"రాజలింగం అంటరు దొరసానమ్మా. పరీక్షల మీ పుష్పలత వెనక బెంచీ నాదే."

సులోచన ఉలిక్కిపడి వీధి వైపు చూసింది. దొరసాని అనే మాట బయట అనొద్దనీ, నక్సలైటు అన్నలు వింటే ఆ పిలుపు కోసం తననే పంచాయితీకి పిలుస్తారనీ గొంతు తగ్గించి మందలించింది.

ఎనభై ఏడు జూన్. కోరుట్లలో ఆ కిరాయి ఇంటికి హనుమంత రావు కుటుంబం వచ్చి ఎనిమిదేళ్లు. మల్యాల దగ్గరి ఊళ్లో వాళ్ల పొలాల్లో ఎర్రజెండాలు లేచిన వారానికే ఇల్లు తాళం వేసి బండెక్కారు. అప్పుడు పుష్పలత పదో తరగతి సగంలో ఉంది. ఆ సగం అట్లాగే ఆగిపోయింది. ఇరవై రెండేళ్లు వచ్చాక, నర్సు ట్రైనింగుకు పోతానని పట్టుబట్టి, తండ్రిని ఒప్పించి ప్రైవేటుగా పరీక్ష కట్టింది. హనుమంత రావు పెట్టిన షరతు ఒక్కటే. ఒక్కసారే. మళ్లీ అడగకూడదు.

రాజలింగానికి ఇరవై ఐదు. తెల్లారకముందే తండ్రి భూమన్నతో కలిసి కల్లు గీతకు తాటిచెట్లెక్కేవాడు. కరెంటు డిపార్టుమెంటులో హెల్పర్ పోస్టుకు స్తంభాలెక్కే పరీక్షలో అందరికంటే ముందు నిలిచాడు. కావలసిందల్లా పదో తరగతి మెమో. రెండుసార్లు లెక్కల్లో పోయింది. మూడోసారి ముప్పై ఎనిమిది వచ్చింది. ఆ ముప్పై ఎనిమిదీ పుష్పలతవే అని అతని నమ్మకం. జగిత్యాల సెంటర్లో ప్రతి పరీక్షకూ ముందు గేటు దగ్గర పది నిమిషాలు అతనికి పాఠం చెప్పింది ఆమే.

పదిరోజుల కింద పేపర్లో ఆమె నంబరు కనబడనప్పుడు అచ్చుతప్పు అనుకున్నారందరూ. అతను కూడా.

తలుపు దగ్గరికి వెళ్లి మెల్లగా తట్టాడు. "టీచరమ్మా, నేను."

సుద్ద చప్పుడు ఆగింది. "నీకెన్నొచ్చినయి?"

"ముప్పై ఎనిమిది. మీకు?"

"ఇరవై ఏడు."

రాజలింగం అక్కడే గడప మీద కూలబడ్డాడు. ఎనభైకి ఒక్కటి తగ్గినా బోర్డు మీద కేసేస్తానని బస్టాండులో నవ్వుతూ చెప్పిన మనిషి. ఇరవై ఏడు.

"ఏడువకుండ్రి," అన్నాడు, ఇంకేమీ తోచక.

"తప్పు చేసిన్నని తెలిస్తే ఏడుస్తుంటి. పేపరంత నాలుగుసార్లు మల్ల చేసిన. తప్పు దొరుకుతలేదు. ఏడుపెక్కడికెల్లి అస్తది?"

గడియ తీసిన చప్పుడు. తలుపు తెరుచుకుంది. ఆమె ముక్కు మీద తెల్లటి సుద్ద. ఆమె వెనక గోడ, పక్క గోడ, తలుపు లోపలి వైపు, చెయ్యి అందినంత మేర లెక్కలు. వృత్తాలు, త్రిభుజాలు, కూడికలు. ఒక మూల ఇరవై ఏడు అనే అంకె చుట్టూ సున్నా చుట్టి ఉంది.

సులోచన గుండె మీద చెయ్యి వేసుకుంది. "కిరాయి ఇల్లు బిడ్డా ఇది."

రాజలింగం లేచి నిలబడ్డాడు. లెక్కల పరీక్ష రోజు గదిలో కాగితాలు తీసుకున్న టీచరు పేరు శోభారాణి అనీ, ఎండాకాలంలో ఆమెకు సిరిసిల్లకు బదిలీ అయిందనీ అతనికి తెలుసు. ఎక్కడో ఎవరో ఏదో చేశారు. కూడికలో పొరపాటు కావచ్చు. కావాలని చేసింది కావచ్చు.

"నేను పట్టుకస్త. ఎవని తప్పైతే వాని నోటితోనే వాని పేరు మీ ముందల చెప్పిస్త," అన్నాడు.

పుష్పలత అతని వైపు ఒక్క క్షణం వింతగా చూసింది. ఆ చూపుకు అర్థం అతనికి తెలియలేదు. "వద్దు. అక్టోబర్ల మల్ల రాస్త," అంది.

సులోచన ఒప్పుకోలేదు. ట్రైనింగు అర్జీకి ఆఖరి తేదీ ఇంకా వారమే. వచ్చే ఏడాదికి పిల్లకు వయసు దాటుతుంది. పైగా తన తమ్ముడు రెండోసారి పరీక్ష కట్టనిస్తాడా? ఆ ఎర్రజెండాల నాటి నుంచి అతను మల్యాల రోడ్డు మీద బస్సే ఎక్కడు, ఇక ఆఫీసుల చుట్టూ తిరుగుతాడా? రేపు ముగ్గురం సిరిసిల్లకు పోదాం అని ఆమే తేల్చింది. పిల్ల చేత పెరుగన్నం తినిపించి, అప్పుడు ముక్కు తుడుచుకొమ్మంది.

*

కథలాపూర్ మీదుగా పోయే బస్సులో సులోచన కిటికీ పక్క సీటు పట్టి, ఊరు దాటకముందే కునుకు తీసింది. మధ్యలో పుష్పలత. వెనక సీట్లో రాజలింగం. పరీక్ష హాల్లో ఆమె ముందు, తను వెనక. ఇప్పుడూ అదే వరస. అతనికి ఆమె ముఖం కంటే జడే ఎక్కువ తెలుసు. పదకొండు రోజులు ఆ జడను చూస్తూ పరీక్షలు రాశాడు.

ఆమె మాట్లాడటం లేదు. పెదవులు మాత్రం కదులుతున్నాయి. మళ్లీ లెక్కలే చేస్తోంది. ఇట్లాగే వదిలేస్తే సిరిసిల్ల చేరేలోపు ఏదో అవుతుందనిపించింది అతనికి.

"ఎ ప్లస్ బి హోల్ స్క్వేర్ అంటే ఎ స్క్వేర్ ప్లస్ బి స్క్వేర్," అన్నాడు పైకి.

ఆమె తల తిరగలేదు.

"త్రిభుజంల మూడు కోణాలు కలిపితే మూడువందల అరవై."

జడ కదిలింది.

"పై విలువ ఏడు బై ఇరవై రెండు."

పుష్పలత గిర్రున తిరిగింది. "ముప్పై ఎనిమిది ఎట్లేసిండ్రు నీకు? ఇరవై రెండు బై ఏడు."

"మరి త్రిభుజం?"

"నూట ఎనభై. గేటు కాడ ఎన్నిసార్లు చెప్పిన?"

చెప్పిన కొద్దీ తప్పులు చెప్పాడు. దిద్దిన కొద్దీ ఆమె గొంతు తిరిగి వచ్చింది. ఒకచోట తన తప్పు మరీ పెద్దదై, ఆమె నవ్వాపుకోలేకపోయింది. పక్కనే ఉన్న సులోచన కళ్లు తెరవకుండానే, వాడు కావాలని అంటున్నాడు బిడ్డా అని చెప్పి మళ్లీ కునుకులోకి జారింది.

అప్పుడే బస్సు ఆగింది. రోడ్డుకడ్డంగా పోలీసు జీపు. ఇద్దరు కానిస్టేబుళ్లు ఎక్కి ఒక్కొక్కరి సంచీ చూస్తున్నారు. ఒకడు పుష్పలత దగ్గర ఆగి ఆమె వేళ్లు చూశాడు. ఎంత కడిగినా గోళ్ల సందుల్లో తెల్లగానే ఉంది.

"గోడల మీద రాసినవా?"

బస్సంతా చల్లబడిపోయింది. ఆ రోజుల్లో గోడల మీద నక్సలైట్ల నినాదాలు రాశామని ఒప్పుకున్నవాళ్లు ఇంటికి తిరిగి పోయేవాళ్లు కాదు. రాజలింగం సగం లేచాడు.

సులోచన మేలుకుంది. "రాసింది సారూ. ఇంటినిండ రాసింది. ఒక్క గోడ సుత మిగులలే."

కానిస్టేబుల్ చెయ్యి లాఠీ మీదికి పోయింది. ఏం రాసిందని అడిగాడు. లెక్కలు, అంది పుష్పలత. మెమో తీసి చూపించింది. అతను దాన్ని తిప్పి తిప్పి చూశాడు. తెలుగు డెబ్బై రెండు. సైన్సు అరవై ఎనిమిది. లెక్కలు ఇరవై ఏడు. అతని ముఖం మారిపోయింది. తన తమ్ముడు కూడా ఇట్లాగే లెక్కల్లో పోయి మూడురోజులు పశువుల కొట్టం దాటి బయటికి రాలేదని చెప్పి, మెమో మడిచి జాగ్రత్తగా ఆమె చేతిలో పెట్టాడు.

బస్సు కదిలాక ఆమె వేళ్లు వణకడం రాజలింగం చూశాడు. ఆ వణుకు అతనికి కొత్త కాదు.

లెక్కల పరీక్ష రోజు. ఆఖరి పది నిమిషాలు. స్కూలు ముందు నుంచి రెండు పోలీసు వ్యాన్లు మోత మోగిస్తూ పోయాయి. మల్యాల దిక్కున బాంబు పేలిందని ఎవరో కిటికీలోంచి అరిచారు. అంతకుముందు నెల ఊరి నుంచి హనుమంత రావు పేరున ఒక బెదిరింపు ఉత్తరం వచ్చిందని ఆమె గేటు దగ్గర చెప్పింది. పేలింది లారీ టైరని ఆ తర్వాత తెలిసింది కాని, ఆ క్షణంలో ఆమె చేతులు ఆడలేదు. గంట కొట్టారు. మెయిన్ పేపరు, ఎనిమిది అడిషనల్ షీట్లు, ఒక దారం. దారం కన్నంలో దూరడం లేదు. వెనక నుంచి చెయ్యి చాపి, రాజలింగం వాటిని తీసుకుని, కట్టి, ఆమె చేతిలో పెట్టాడు. ఆమె అప్పుడు తిరిగి చూసిన చూపు కోసం అతను రెండు నెలలుగా బతుకుతున్నాడు.

*

శోభారాణి టీచరు ఉంటున్న ఇంటి కింద మగ్గాల షెడ్డు. ఎనిమిది పవర్‌లూములు ఒక్కసారిగా ఆడుతుంటే పైగదిలో చాయ్ గ్లాసులు సన్నగా వణుకుతున్నాయి. చంటిపిల్లను భుజాన వేసుకుని వచ్చిందామె. ఆ చప్పుడులో గుట్టుగా అడగాల్సినవన్నీ రాజలింగం గొంతు చించుకుని అడగాల్సి వచ్చింది.

లెక్కల పరీక్ష అనగానే టీచరు ముఖం పాలిపోయింది. పిల్లను తొట్లో పడుకోబెట్టి, వాళ్లకు ఎదురుగా కూర్చుంది. ఆ రోజు కాగితాలు వరసగా పేర్చుకుని పోతుంటే ఒక దారం కొస తన గాజుకు చిక్కిందని చెప్పింది. ఫ్యాను గాలికి షీట్లు గదంతా లేచాయి. ఎనిమిది. అన్నీ ఒకే చేతిరాత. ఒక్కదాని మీదా నంబరు లేదు. అప్పటికే పేపర్ల కట్టలు కలిసిపోయాయి, సీలు వేస్తున్నారు. ఏడుస్తూ హెడ్మాస్టరు భాస్కర్ రావు సారుకు చూపిస్తే, సెంటరుకు చెడ్డపేరు వస్తుందని ఆయన కవర్లో పెట్టి బీరువాలో దాచాడు. ఆ తర్వాత ఎన్నడూ దాని మాట ఎత్తలేదు.

"గాజు తగిలితే ఊడుతదా?" సులోచన అరిచింది. "ముడేసినంక ఎట్లూడుతది?"

టీచరు ఏదో చెప్పబోయింది. అంతలో కరెంటు పోయింది.

మగ్గాలన్నీ ఒక్కసారిగా ఆగాయి. ఆ నిశ్శబ్దంలో చెవులు గింగురుమన్నాయి. టీచరు పిల్ల గౌను బొత్తాల డబ్బాలోంచి దారం ముక్క తీసింది. ఒక మెలిక తిప్పి, మెలికలోంచి మరో మెలిక లాగి, కొస వదిలేసింది.

"ఇట్ల ఉండె. చూడనీకె గట్టిగుంటది. కొస పట్టి లాగితే మాత్రం," ఆమె లాగింది. దారం జారి నేల మీద పడింది. "బడిపిల్లలెవరు గట్ల ముడెయ్యరు. ఏసినోడెవడో ఆ పిల్ల కొంప ముంచిండు."

రాజలింగం ఆ దారాన్నే చూస్తున్నాడు.

తాటిచెట్టు మీద ఒక చెయ్యి మోకును పట్టుకుని ఉంటుంది. కల్లు నిండిన కుండను, లొట్టిని, విప్పడానికి మిగిలేది ఒక్క చెయ్యే. అందుకని గీత పనివాళ్లు లొట్టికి జారుముడి వేస్తారు. కొస పట్టి లాగితే ఊడాలి. పద్నాలుగేళ్లప్పుడు తండ్రి నేర్పాడు. ఆ తర్వాత అతని వేళ్లు ఇంకో ముడి వేయలేదు. తన పేపరుకు అడిషనల్ షీట్లు ఎన్నడూ పట్టలేదు కాబట్టి కట్టాల్సిన పనీ పడలేదు.

తప్పు చేసినవాణ్ని పట్టుకుని ఆమె ముందు నిలబెడతానన్నవాడు ఆమె ముందే నిలబడి ఉన్నాడు.

పుష్పలత వైపు చూశాడు. ఆమె దారం వైపు చూడటం లేదు. టీచరు వైపూ చూడటం లేదు. కాలి బొటనవేలు చూసుకుంటోంది. ఆమె ముఖంలో ఆశ్చర్యమే లేదు.

అసలు దెబ్బ అతనికి అప్పుడు తగిలింది. ఆమెకు ముందే తెలుసు.

*

కిందికి దిగేసరికి వాన. షెడ్డు చూరు కింద నిలబడ్డారు. సులోచన ఇంకా పైనే, చంటిపిల్లకు పొట్ట నొప్పికి ఏం పట్టించాలో చెబుతోంది.

"ఎప్పటి సంది తెలుసు?" అన్నాడు.

"మెమో సూసినంక. మెయిన్ పేపర్ల రాసినయి ఒక్కటే కూడి సూసిన. సరిగ్గ ఇరవై ఏడు." ఆమె అరచెయ్యి వానలోకి చాపింది. "నాలుగుసార్లు కూడిన. నాలుగుసార్లు అదే అచ్చింది."

గోడ మీద సున్నా చుట్టిన ఇరవై ఏడు అది. షీట్లు అందలేదని, ఎవరి చేతి ముడి వదిలిందని, ఆ గదిలోనే తెలుసుకుంది. తలుపు అవతల అతను గడప మీద కూర్చుని ఊరడిస్తుంటే, ఇవతల ఆమె అతని పేరును మింగేసింది.

"మరెందుకు చెప్పలే?"

"ఇంకొకని పేపరు ముట్టుకున్నోని రిజల్టు కొట్టేస్తరు. రెండేండ్లు పరీక్షకు రానియ్యరు. హాల్‌టికెట్ వెనక రాసుంది, సదువలేదా?" ఆమె అతని వైపు తిరిగింది. "నీ ఆర్డర్ల ఈ నెలాఖరుకు చేరాలని ఉంది. నేను అక్టోబర్ల రాస్తనంటే ఎందుకు ఇనవు?"

"మీ నాయిన రాయనియ్యడు. వయసు దాటుతది."

"దాటితే దాటని. నువ్వు జగిత్యాలల నోరు తెరిచినవంటే మల్ల నీతోని మాట్లాడ."



"మాట్లాడకున్నా మంచిదే," అన్నాడు రాజలింగం. "నర్సువైతవు గద నువ్వు. ఏ ఊరి దవాఖానలనో తెల్లచీర కట్టుకోని తిరుగుతవు. దూరం నుంచి సూస్త."

ఆమె తలెత్తింది. "నువ్వా?"

అన్నాకగాని అతనికి తెలియలేదు. మీరు అనే మాట ఎక్కడ జారిపోయిందో. "తప్పైంది. దిద్దుతవా?"

"దిద్ద," అంది పుష్పలత. ఇంకా మెల్లగా, "గట్లనే ఉంచు," అంది.

మెట్ల మీద సులోచన దగ్గింది. ఆమె ఎంతసేపటి నుంచి అక్కడ ఉందో ఇద్దరికీ తెలియలేదు. ఏమీ అడగలేదు. బస్సెక్కాక మాత్రం కిటికీ పక్క సీటు పుష్పలతకు ఇచ్చి, వేములవాడ దాకా కళ్లు మూయకుండా రాజలింగాన్ని కొలుస్తూ కూర్చుంది.

*

మరునాడు పొద్దున్నే ముగ్గురూ జగిత్యాలకు పోయారు. ముడి వేసిందెవరో తప్ప సంగతంతా హెడ్మాస్టరు భాస్కర్ రావు విని రెండుసార్లు కళ్లద్దాలు తుడుచుకున్నాడు. మూడోసారి తుడుచుకుని బీరువా తాళం తీశాడు. అట్టడుగు అరలో ఖాకీ కవరు. అందులో ఎనిమిది షీట్లు. పుష్పలత రాత. మొదటి షీట్లో మొదటి లెక్క చూడగానే ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆరు గంటలు గోడల మీద వెతికిన లెక్కలు, ఒక్క కొట్టివేత లేకుండా, ఆ కవర్లో పడి ఉన్నాయి. మొన్న రాని ఏడుపు ఇప్పుడు వచ్చింది.

ఆయన మనిషి చెడ్డవాడు కాదు, భయస్థుడు. ఆ ఏడుపు చూసి ఆ భయం కూడా కొంత వదిలింది. తన తప్పు తాను రాసుకుంటానన్నాడు. సాయంత్రానికల్లా పంపితే బోర్డులో దిద్ది, కూడి కొత్త మెమో ఇస్తారు, గడువులోపు చేతికొస్తుంది. అయితే ఆ షీట్లు ఈమె పేపరు నుంచే ఊడాయని, ఎట్లా ఊడాయో వివరంగా రాయాలి. ముడి ఎవరు వేశారో రాయకుంటే దానికి విలువ లేదు.

"నేనే ఏసుకున్న సార్," అంది పుష్పలత కళ్లు తుడుచుకుంటూ. "నాకు సరిగ్గ రాక ఊడింది."

ఆయన తల అడ్డంగా ఊపాడు. అభ్యర్థి సొంత నిర్లక్ష్యమైతే బోర్డు అసలు అర్జీయే తీసుకోదు. కాస్త ఆలోచించి, శోభారాణి పేరు రాద్దామన్నాడు. హడావిడిలో టీచరే కట్టిందని, గాజు తగిలి ఊడిందని. సస్పెన్షన్ ఆరు నెలలు దాటదు. అందరికీ సులువు.

సిరిసిల్లలో ఆ తొట్టి, దాన్ని ఊపుతున్న చెయ్యి ముగ్గురికీ గుర్తొచ్చాయి. హెడ్మాస్టరు కలం మూత తీసి, తెల్లకాగితం ముందుకు లాక్కుని, తేదీ వేశాడు.

రాజలింగం చొక్కా జేబులో అతని మెమో ఉంది. ముప్పై ఎనిమిది. దాని వెనక మడతలో కరెంటు ఆఫీసు ఆర్డరు. అతను కుర్చీలోంచి లేవబోయాడు. ఎవరో చొక్కా చేతిని పట్టి లాగారు. పుష్పలత. మేనత్త చూస్తుందని కూడా చూడకుండా, పిడికిలి బిగించి పట్టుకుంది. వద్దని తల ఊపుతోంది.

సులోచన ఆ పిడికిలిని చూసింది. అతని ముఖం చూసింది. నిన్నటి నుంచి కొలుస్తున్నది ఏదో అప్పుడు ఆమెకు లెక్క కుదిరినట్టుంది.

"చెయ్యి ఇడువు బిడ్డా," అంది మెత్తగా. "పోరణ్ని చెప్పనియ్యి. ఈ ఒక్క మాట చెప్పగలిగెటోడైతే, మీ నాయినతోని మిగిలింది నేను మాట్లాడుత."

పిడికిలి వదులైంది.

"చెప్పండి," అన్నాడు హెడ్మాస్టరు, కాగితం మీంచి కళ్లెత్తకుండా. "ఆ ముడి వేసింది ఎవరు?"

రాజలింగం లేచి నిలబడి, జేబులోంచి మెమో తీసి బల్ల మీద పెట్టాడు.

"రాసుకోండ్రి సార్. గాలి కాదు, గాజు కాదు, టీచరమ్మ కాదు. వెనక బెంచీల కూసున్న రాజలింగం. తండ్రి పేరు భూమన్న. ముడేసింది నేను."